అవుటా, సేఫా: సాఫ్ట్‌బాల్‌లో బేస్ దగ్గర లొల్లి కాకుండా అంపైరింగ్ చేసే పద్ధతి

సెలవు రోజు మ్యాచ్‌లలో స్ట్రైకా (బంతి కొట్టగలిగే చోటికి వచ్చిందా), బాలా (పక్కకు పోయిందా) అన్నదాని మీద గొణుగుడు ఎప్పుడూ ఉంటుంది. దానివల్ల ఆట ఆగదు. ఆట ఆగిపోయేది, రెండు జట్లూ అంపైర్ చుట్టూ మూగేది రన్నర్ (వరుసగా బేస్‌లు తాకుతూ పరుగెత్తే బ్యాటింగ్ జట్టు ఆటగత్తె) మీద ఇచ్చిన తీర్పు దగ్గరే. ఆ లొల్లి చాలావరకు అంపైర్ కంటిచూపు వల్ల రాదు. బేస్ కొలిచి పెట్టకపోవడం, నిలబడాల్సిన చోట అంపైర్ నిలబడకపోవడం, ఏ రూలుతో ఆడుతున్నామో ముందే మాట్లాడుకోకపోవడం వల్ల వస్తుంది. నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్ అయినా, పాలమూరు స్టేడియం అయినా, దేవరకొండలోనో అచ్చంపేటలోనో బడి మైదానం అయినా ఈ మూడూ మన చేతుల్లో ఉన్నవే. కాబట్టి మొదటి బంతి పడకముందు చేయాల్సిన పనితోనే మొదలుపెడదాం.

టేపు, తాడు, ముగ్గు

ఫాస్ట్ పిచ్‌లో (పిచర్, అంటే బంతి వేసే ఆమె, వేగంగా వేసే ఆట) బేస్‌కు బేస్‌కు మధ్య 60 అడుగులు, అంటే 18.29 మీటర్లు. అడుగులతో నడిచి కొలిస్తే రెండు మూడడుగులు తేడా రావడం మామూలే. అది చిన్న తేడా అనుకోవద్దు. 60 అడుగులను 3 సెకన్లలో పరుగెత్తే అమ్మాయి ఒక్కో అడుగును సెకనులో 20వ వంతులో దాటుతుంది. ఫస్ట్ బేస్ రెండడుగులు దగ్గర పడితే సెకనులో పదో వంతు కలిసొస్తుంది. ఫస్ట్ బేస్ దగ్గర తగాదా పడే తీర్పుల్లో బంతికీ కాలికీ మధ్య ఉండే తేడా చాలాసార్లు అంతకన్నా తక్కువే.

చదరం సరిగ్గా రావాలంటే టేపు ఒక్కటి చాలదు, మూల కూడా చూసుకోవాలి. హోమ్ ప్లేట్ (బ్యాటర్ పక్కన నిలబడి కొట్టే చోటు, పరుగు ముగిసేదీ ఇక్కడే) వెనక మొనలో మేకు కొట్టండి. అక్కడి నుంచి సెకండ్ బేస్ దిక్కుకు 84 అడుగుల 10¼ అంగుళాలు (25.86 మీటర్లు) లాగి ఇంకో మేకు కొట్టండి. ఇప్పుడు 120 అడుగుల తాడు తీసుకుని రెండు కొసలను ఆ రెండు మేకులకు కట్టి, నడిమధ్య ముడి పట్టుకుని కుడివైపు బిగువుగా లాగితే ఫస్ట్ బేస్ మూల వస్తుంది, ఎడమవైపు లాగితే థర్డ్ బేస్ మూల వస్తుంది. ఫస్ట్, థర్డ్ బేస్‌లు పూర్తిగా చదరం లోపలే ఉండాలి. సెకండ్ బేస్ మాత్రం దాని నడిమధ్య మూల మీదికి వచ్చేటట్టు పెట్టాలి. చాలామంది సెకండ్‌ను కూడా లోపలికి జరుపుతారు, అది తప్పు.

బేస్ 15 అంగుళాల చదరం, మందం 5 అంగుళాలు మించొద్దు. అసలు బేస్‌లు లేకపోతే ఇసుక పోసి కుట్టిన గోనెసంచి సరిపోతుంది. ఇటుక, రాయి మాత్రం పెట్టొద్దు, స్లైడ్ చేసిన పిల్లల మడమ విరుగుతుంది. మన ఎర్ర చెలక నేలలో ఎండకు పైమట్టి పొడిబారి మేకులు వదులవుతాయి, నాలుగో ఇన్నింగ్స్‌కల్లా సంచి జరుగుతుంది. ఇన్నింగ్స్ మారిన ప్రతిసారీ కాలితో తట్టి చూసి మళ్లీ సరిచేయాలి. ఆట మధ్యలో బేస్ ఊడి పక్కకు జరిగితే దాని వెంట పరుగెత్తాల్సిన పని రన్నర్‌కు లేదు. సరిగ్గా బేస్ మీదికి వచ్చి, తన తాకిడికే అది జరిగిపోతే, ఆ కారణంగా ఆమెను ట్యాగ్ చేసి (బంతితో ఒంటిని తాకి) అవుట్ అనకూడదు.

ముగ్గుతో తప్పకుండా గీయాల్సినవి ఇంకో మూడు. హోమ్ నుంచి ఫస్ట్‌కు వెళ్లే దారిలో రెండో సగం, అంటే చివరి 30 అడుగులు, ఫౌల్ లైనుకు (హోమ్ నుంచి ఫస్ట్, థర్డ్ మీదుగా పోయే హద్దు గీతకు) బయట 3 అడుగుల దూరంలో ఇంకో గీత. దీన్ని గీయడం దాదాపు అందరూ మరిచిపోతారు, తర్వాత క్యాచర్ (హోమ్ వెనక బంతి పట్టే ఆమె) విసిరిన బంతి రన్నర్ వీపుకు తగిలినప్పుడు గుర్తొస్తుంది. రెండోది పిచర్ చుట్టూ 8 అడుగుల వ్యాసార్ధంతో వృత్తం. మూడోది బంతి చచ్చిపోయే, అంటే దాటితే ఆట ఆగే, సరిహద్దు: ఫౌల్ లైన్లకు కనీసం 25 అడుగులు బయట తాడైనా, గీతైనా. చూసేవాళ్లు, బండ్లు, నీళ్ల క్యాన్లు అన్నీ దానికి అవతలే ఉండాలి.

డబుల్ బేస్ దొరికితే ఫస్ట్ దగ్గర అదే వాడండి. 15 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు ఉంటుంది. తెల్ల సగం లోపల, నారింజ సగం ఫౌల్ వైపు. ఫస్ట్ దగ్గర ప్లే (అవుట్ చేసే ప్రయత్నం) నడుస్తున్నప్పుడు ఫీల్డర్ తెల్లదాన్ని, బ్యాటర్ నారింజదాన్ని తొక్కాలి. ప్లే ఉండగా బ్యాటర్ తెల్లదాన్ని మాత్రమే తొక్కితే, ఆమె తిరిగి బేస్‌కు రాకముందు ఫీల్డింగ్ జట్టు అప్పీల్ చేస్తే, బేస్ తప్పినట్టు లెక్క. ఒకసారి దాటి వెనక్కి వచ్చాక ఇక ఆమె బేస్ తెల్లదే. కాళ్లూ కాళ్లూ తొక్కుకునే గొడవ ఈ ఒక్క నారింజ ముక్కతో పోతుంది. రెండు సంచులు కలిపి కుట్టి ఒకదానికి రంగు వేసినా పని నడుస్తుంది.

కెప్టెన్లతో ఐదు నిమిషాలు

టాస్‌కు ముందు ఇద్దరు కెప్టెన్లనూ పిలిచి సరిహద్దు ఎక్కడుందో నడిపించి చూపించండి. చెట్టు కొమ్మ గ్రౌండ్ మీదికి వంగి ఉంటే దానికి బంతి తగిలితే ఏమవుతుందో చెప్పండి. ఫాస్ట్ పిచ్చా, స్లో పిచ్చా (బంతి మెల్లగా వేసేది), స్లో పిచ్ అయితే స్టీలింగ్ (బంతి కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేస్‌కు పరుగెత్తడం) ఉందా లేదా తేల్చండి. తీర్పు మీద మాట్లాడేది కెప్టెన్ ఒక్కరే అని ఇద్దరితోనూ ఒప్పించండి.

సెల్‌ఫోన్ వీడియో చూసి తీర్పు మార్చేది లేదని కూడా అప్పుడే చెప్పాలి, కారణంతో సహా చెప్పాలి. సెకనుకు 30 ఫ్రేములు తీసే ఫోనులో ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య రన్నర్ 8 అంగుళాలు జరిగిపోతుంది. పైగా ఫోను పట్టుకున్నవాళ్లు ఏ మూల నుంచో తీస్తారు. ఆ మూల నుంచి చూస్తే గ్లవ్‌కూ కాలికీ మధ్య ఎంత సందుందో తెలియదు.

క్రికెట్ అలవాట్లు వదిలించాలి

మన దగ్గర సాఫ్ట్‌బాల్‌కు వచ్చే పిల్లలందరికీ ముందు క్రికెట్ వచ్చు. సగం వాదనలకు మూలం అక్కడే. వికెట్లకు కొట్టినట్టు బేస్‌ను బంతితో కొడితే అవుట్ కాదు. ఫీల్డర్ బంతిని గట్టిగా పట్టుకుని ఉండాలి, ఆమె ఒంట్లో ఏదో ఒక భాగం బేస్‌ను తాకాలి. గ్లవ్ ఒక చేతికి, బంతి ఇంకో చేతిలో ఉండి, ఖాళీ గ్లవ్‌తో రన్నర్‌ను తాకితే అది ట్యాగ్ కాదు. ట్యాగ్ చేసిన దెబ్బకు బంతి జారి కిందపడ్డా, చేతిలో ఎగిరెగిరి పడుతున్నా సేఫే. అయితే ట్యాగో ఫోర్సో (బేస్ తాకి చేసే అవుట్) పూర్తయ్యాక, బంతి పట్టు ఖాయమయ్యాక, ఇంకో బేస్‌కు విసరడానికి గ్లవ్‌లోంచి తీస్తుంటే జారితే అవుట్ నిలుస్తుంది.

క్రికెట్‌లో ఇద్దరు బ్యాటర్లు ఒకరినొకరు దాటుతారు. ఇక్కడ ముందున్న రన్నర్‌ను వెనక రన్నర్ దాటితే దాటినామె అవుట్, బంతి మాత్రం బతికే ఉంటుంది. ఒకే బేస్ మీద ఇద్దరు నిలబడితే ఆ బేస్ ముందు చేరినామెది, రెండో ఆమెను ట్యాగ్ చేస్తే అవుట్. రెండో ఆమె వల్ల మొదటి ఆమె ముందుకు పోక తప్పని స్థితి, అంటే ఫోర్స్, ఉంటే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది.

ఇంకొకటి, అందరి నోట వినిపించేది: "ఒకేసారి వస్తే రన్నర్‌కే ఇయ్యాలె సార్." రూలు రాసిన తీరు వేరు. బ్యాటర్ ఫస్ట్ చేరకముందే బంతితో అవుట్ చేయాలి అని ఉంటుంది. బంతి ముందు రాకపోతే సేఫ్ అన్నది దాంట్లోనే ఉంది. కాబట్టి అంపైర్ చూడాల్సింది ఒకటే ప్రశ్న: కాలికంటే ముందు బంతి గ్లవ్‌లో ఉందా? ఉంటే అవుట్, లేకుంటే సేఫ్. "ఒకేసారి వచ్చినయి" అన్న మాట అంపైర్ నోట రావొద్దు. ఆ మాట వినగానే నీకు తెలియలేదని రెండు జట్లకూ అర్థమవుతుంది.

ఫోర్స్, ట్యాగ్

వెనక బ్యాటర్ వస్తున్నందున ముందున్న రన్నర్ తన బేస్ వదలక తప్పకపోతే అది ఫోర్స్. అప్పుడు ఆమె వెళ్లాల్సిన బేస్‌ను బంతితో తాకితే చాలు. లేకపోతే ఒంటిని తాకాలి. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఫోర్స్ మధ్యలోనే పోవచ్చు. ఫస్ట్ మీద రన్నర్ ఉంది, బంతి ఫస్ట్ బేస్ దగ్గరికే కొట్టారనుకుందాం. ఫీల్డర్ ముందు ఫస్ట్ తొక్కి బ్యాటర్‌ను అవుట్ చేసి, తర్వాత సెకండ్‌కు విసిరింది. బ్యాటర్ అవుట్ అయిన క్షణంలో ఫోర్స్ పోయింది. ఇప్పుడు సెకండ్‌లో ట్యాగ్ చేయాల్సిందే. బేస్ తొక్కి చేయి ఎత్తి అరిచినా సేఫ్. ఇక్కడ అంపైర్ ఫోర్స్ అనుకుని అవుట్ ఇస్తే అది రూలు తప్పు, కంటి తప్పు కాదు. తర్వాత దీన్ని సరిదిద్దాల్సి వస్తుంది.

నిలబడే చోటు

అన్నిటికంటే ఎక్కువ కష్టపడి నేర్చుకోవాల్సింది ఇదే. ఫోర్స్ ప్లేకు 15 నుంచి 18 అడుగుల దూరం, త్రో వచ్చే దారికి 90 డిగ్రీల కోణం. ట్యాగ్ ప్లేకు 10 నుంచి 12 అడుగుల దూరం, రన్నర్ దారికి 90 డిగ్రీలు. ఫోర్స్‌కు మరీ దగ్గరికి పోతే కాలూ గ్లవ్వూ రెండూ ఒకే చూపులో పట్టవు. ట్యాగ్‌కు దూరంగా ఉంటే గ్లవ్‌కూ ఒంటికీ మధ్య సందు కనిపించదు. వెనక నుంచి చూస్తే రన్నర్ వీపే అడ్డం వస్తుంది.

ఇద్దరు అంపైర్లుంటే, బేస్‌లు ఖాళీగా ఉన్నప్పుడు బేస్ అంపైర్ ఫస్ట్ బేస్‌కు వెనక 18 నుంచి 21 అడుగుల దూరంలో, ఫౌల్ లైనుకు బయట నిలబడాలి. బంతి షార్ట్‌స్టాప్‌కో (సెకండ్, థర్డ్ మధ్య ఫీల్డర్) థర్డ్‌కో పోతే నాలుగు అడుగులు లోపలికి వేసి కోణం తెచ్చుకోవాలి. సెకండ్ బేస్ ఫీల్డర్ దగ్గరికి పోతే లోపలికి రావొద్దు, త్రోకు అడ్డమవుతారు. ఔట్‌ఫీల్డ్‌కు (బేస్‌ల అవతలి మైదానానికి) పోతే చదరం లోపలికి వచ్చి, బ్యాటర్ ఫస్ట్ తొక్కిందో లేదో చూసి, ఆమెతో పాటే తిరగాలి. ఏ ప్లే దగ్గరైనా ఆఖరు క్షణంలో ఆగి, కాళ్లు నిలిపి చూడాలి. పరుగెత్తుతూ చూస్తే బొమ్మ అదురుతుంది.

ఫస్ట్ దగ్గర కళ్లు బేస్ మీద, కాలు పడే చోట ఉంచి, బంతి గ్లవ్‌లో పడ్డ 'టప్' శబ్దాన్ని చెవితో పట్టాలి. రెంటినీ కళ్లతోనే చూడాలనుకుంటే రెండూ పోతాయి. ఈ శబ్దం విషయంలో అవతల గట్టు మీద కూర్చున్నవాళ్లకు ఓపికగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. శబ్దం 60 అడుగులు రావడానికి సెకనులో 20వ వంతు పడుతుంది. ఆలోపు రన్నర్ ఇంకో అడుగు దూరం దాటేస్తుంది. అందుకే దూరంగా ఉన్నవాళ్లకు బంతి ఆలస్యంగా వచ్చినట్టు నిజంగానే అనిపిస్తుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, చెవి అలా చెబుతోంది. 18 అడుగుల దగ్గరున్న అంపైర్‌కు ఆ తేడా నాలుగు అంగుళాలే.

తీర్పు తొందరగా ఇవ్వొద్దు. బంతి గ్లవ్‌లో ఉందా, జారిందా చూసి, ఒక్క క్షణం ఆగి, తర్వాత చేయి లేపాలి. అవుట్‌కు కుడి పిడికిలి పైకి. సేఫ్‌కు రెండు చేతులూ పక్కలకు, అరచేతులు నేలవైపు. దగ్గరి ప్లే అయితే గొంతు గట్టిగా వినిపించాలి. నెమ్మదిగా గొణిగిన 'అవుట్' మీద ఎవరికీ నమ్మకం కుదరదు.

ఒక్కరే అంపైర్ ఉన్న మ్యాచ్‌లు మన దగ్గర చాలా. బంతి కొట్టగానే ప్లేట్ వెనక నుంచి బయటికొచ్చి పిచర్‌కూ ఫస్ట్ లైనుకూ మధ్యకు వీలైనంత దూరం పరుగెత్తండి. థర్డ్ మీద రన్నర్ ఉంటే హోమ్ వదిలి దూరం పోవద్దు. ఇద్దరు చూడాల్సినవన్నీ ఒక్కరు చూడలేరని కెప్టెన్లకు ముందే చెప్పడం నిజాయితీ.

అడ్డం ఎవరొచ్చారు

ఈ రెండు మాటలు కలిపేస్తేనే పెద్ద కొట్లాట. ఫీల్డర్ రన్నర్‌కు అడ్డమొస్తే అబ్‌స్ట్రక్షన్. రన్నర్ ఫీల్డర్‌కు అడ్డమొస్తే ఇంటర్‌ఫియరెన్స్.

చేతిలో బంతి లేని ఫీల్డర్, కొట్టిన బంతిని ఆడుతూ కూడా లేని ఫీల్డర్, బేస్ దారిలో నిలబడి రన్నర్‌ను నెమ్మదింపజేసినా, పక్కకు తిప్పినా అబ్‌స్ట్రక్షనే. తగలాల్సిన అవసరం లేదు. బంతి లేకుండా ట్యాగ్ చేస్తున్నట్టు నటించినా అదే. అంపైర్ ఎడమ చేతిని పక్కకు చాచి ఉంచాలి, ఆటను ఆపొద్దు. ప్లే అయ్యాక, ఆ అడ్డం లేకపోతే ఏ బేస్‌కు చేరేదో ఆ బేస్ ఇవ్వాలి. ఏ రెండు బేస్‌ల మధ్య అడ్డమొచ్చిందో ఆ రెంటి మధ్య ఆమెను ట్యాగ్ చేసినా అవుట్ కాదు. కానీ ఆమె బేస్ తొక్కకుండా పోయినా, ఫ్లై (గాల్లోకి లేచిన బంతి) ఫీల్డర్‌కు తాకకముందే బేస్ వదిలినా, తానే ఇంటర్‌ఫియరెన్స్ చేసినా ఆ రక్షణ పనిచేయదు. మన దగ్గర క్యాచర్లకు చిన్నప్పటి నుంచి "హోమ్ మీద అడ్డం నిలబడు" అని నేర్పుతారు. బంతి రాకముందు అలా నిలబడితే రన్ ఇచ్చుకున్నట్టే అని కోచ్‌లు మొదటి వారమే చెప్పాలి.

ఇంటర్‌ఫియరెన్స్ అయితే అక్కడికక్కడే ఆట ఆపాలి: "డెడ్ బాల్, రన్నర్ అవుట్." మిగతా రన్నర్లు ఆ క్షణానికి ఆఖరున తాకిన బేస్‌కు పోవాలి. కొట్టిన బంతిని ఆడుతున్న ఫీల్డర్‌ను తప్పించుకుని పోవాల్సింది రన్నరే, కావాలని గుద్దిందా లేదా అన్న ప్రశ్న అక్కడ లేదు. విసిరిన బంతి విషయంలో మాత్రం కావాలని అడ్డం వస్తేనే తప్పు. డబుల్ ప్లే (ఒకే ఆటలో ఇద్దరిని అవుట్ చేయడం) ఆపడానికి కావాలనే చేసిందని అంపైర్‌కు అనిపిస్తే హోమ్‌కు దగ్గరున్న రన్నర్ కూడా అవుట్. బంతి చేతిలో పట్టుకుని కాచుకున్న ఫీల్డర్‌ను నిలబడి గుద్దేస్తే అవుట్. స్లైడ్ చేయాలి, లేదా పక్కకు పోవాలి, లేదా వెనక్కి తిరగాలి.

ఫస్ట్ దారిలో గీసిన 3 అడుగుల పట్టీ ఇక్కడే పనికొస్తుంది. బ్యాటర్ పట్టీ బయట పరుగెత్తడం ఒక్కటే తప్పు కాదు. అలా పరుగెత్తుతూ ఫస్ట్ దగ్గర త్రో అందుకునే ఫీల్డర్‌కు అడ్డమైతే అవుట్. ట్యాగ్ తప్పించుకోవడానికి తన దారి నుంచి 3 అడుగులకు మించి పక్కకు పోతే కూడా అవుట్. ఆ దారి రెండు బేస్‌ల మధ్య ముగ్గు గీత కాదు. ట్యాగ్ మొదలైన చోట రన్నర్ ఎక్కడుందో అక్కడి నుంచి బేస్‌కు తిన్నగా ఉండేది.

అడిగితేనే ఇవ్వాల్సినవి

బేస్ తొక్కకుండా పోవడం, ఫ్లై క్యాచ్ అయినప్పుడు ముందే బేస్ వదలడం, ఫస్ట్ దాటి పరుగెత్తాక సెకండ్‌కు పోయే ప్రయత్నం చేయడం, ఇవి అప్పీల్ ప్లేలు. అంపైర్ కళ్లారా చూసినా తనంతట తాను చెప్పకూడదు, ముఖంలో కూడా చూపకూడదు. బంతి ఆటలో ఉంటే ఫీల్డర్ బంతితో ఆ బేస్‌నో రన్నర్‌నో తాకి అడగాలి. ఆట ఆగాక అయితే పిచర్, క్యాచర్ సహా ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గరి ఫీల్డర్) ఎవరైనా, బంతి లేకున్నా, నోటితో అడగొచ్చు: "ఫస్ట్ మీదున్న రన్నర్ సెకండ్ తొక్కలే సార్." ఏ రన్నర్, ఏ బేస్ అన్నది స్పష్టంగా ఉండాలి. తర్వాతి పిచ్ పడేలోపే అడగాలి.

ఫ్లై క్యాచ్‌లో రన్నర్ ఎప్పుడు వదలొచ్చు? బంతి ఫీల్డర్‌కు మొదట తాకిన క్షణం నుంచే. చేతుల్లో ఎగిరి ఎగిరి చివరికి పట్టినా లెక్క మొదటి తాకుడికే. ఇది చాలామంది కోచ్‌లకే తెలియదు. ఫస్ట్ దాటాక ఎడమవైపు తిరిగినంత మాత్రాన అవుట్ కాదు, సెకండ్ దిక్కుకు పోయే ప్రయత్నం ఉండాలి.

ఇంకో రెండింటికి అప్పీల్ అక్కర్లేదు. ఫాస్ట్ పిచ్‌లో పిచర్ చేతి నుంచి బంతి వదలకముందే రన్నర్ బేస్ వదిలితే డెడ్ బాల్, రన్నర్ అవుట్, ఆ పిచ్ లెక్కలోకి రాదు. బంతి పిచర్ చేతిలో 8 అడుగుల వృత్తంలో ఉండి, పిచర్ ఎవరి మీదా ప్లే చేయడం లేదనుకోండి, రన్నర్ వెంటనే ముందుకో వెనక్కో పోవాలి. అటూ ఇటూ ఊగిసలాడుతూ నిలబడితే అవుట్. వృత్తం గీయకుండా ఈ రూలు పెట్టొద్దు, ఎక్కడ మొదలవుతుందో ఎవరికీ తెలియదు.

ఇన్‌ఫీల్డ్ ఫ్లై, ఓవర్‌త్రో

రెండు అవుట్లకు తక్కువ ఉండి, ఫస్ట్, సెకండ్ మీద గానీ మూడు బేస్‌ల మీద గానీ రన్నర్లుండి, ఇన్‌ఫీల్డర్ మామూలుగా పట్టగలిగే ఫెయిర్ (ఫౌల్ లైన్ల లోపలి) ఫ్లై లేస్తే, బంతి పూర్తిగా పైకి చేరగానే "ఇన్‌ఫీల్డ్ ఫ్లై, బ్యాటర్ అవుట్" అని గట్టిగా అరవాలి. బంట్‌కు (బ్యాట్‌తో మెల్లగా తట్టిన బంతికి), తిన్నగా దూసుకెళ్లే బంతికి ఇది వర్తించదు. బంతి కిందపడ్డా బ్యాటర్ అవుటే. బ్యాటర్ అవుట్ కాబట్టి రన్నర్ల మీద ఫోర్స్ లేదు, వాళ్లు నిలబడొచ్చు. పోతే ట్యాగ్ ప్లే. అంపైర్ అరవడం ఆలస్యం చేస్తే రన్నర్లు భయపడి పరుగెత్తి చస్తారు, ఆ తప్పు వాళ్లది కాదు.

విసిరిన బంతి సరిహద్దు దాటితే రెండు బేస్‌లు. ఎక్కడి నుంచి లెక్క? బంతి విసిరినామె చేయి వదిలిన క్షణానికి రన్నర్ ఆఖరున తాకిన బేస్ నుంచి. ఫస్ట్ దాటి సెకండ్ మధ్యలో ఉంటే థర్డ్ వస్తుంది. అప్పటికే సెకండ్ తాకి ఉంటే హోమ్. "పోతున్న బేస్ ప్లస్ ఒకటి" అని నోటిలెక్క చెప్పేవాళ్లుంటారు, రన్నర్ వెనక్కి తిరిగి వస్తున్నప్పుడు ఆ లెక్క తప్పుతుంది. పిచ్ చేసిన బంతి దాటితే ఒకే బేస్. అందుకే ప్రతి త్రోలోనూ చేయి వదిలినప్పుడు రన్నర్లు ఎక్కడున్నారో ఒక చూపు వేసి గుర్తు పెట్టుకోవాలి.

స్కోరర్ కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. మూడో అవుట్ ఫోర్స్ అయినా, బ్యాటర్ ఫస్ట్ చేరకముందు అయినా, అంతకు ముందు హోమ్ తొక్కిన రన్ లెక్కలోకి రాదు. మూడో అవుట్ ట్యాగ్ అయితే ఏది ముందు జరిగిందో చూడాలి: ట్యాగ్ కంటే ముందు హోమ్ తొక్కి ఉంటే రన్ ఉంటుంది. రెండు అవుట్లున్నప్పుడు ప్లేట్ అంపైర్ ఈ క్షణం మీదే కన్నేసి ఉండి, స్కోరర్ దిక్కు చూసి చేత్తో చెప్పేయాలి.

కెప్టెన్ వచ్చి అడిగినప్పుడు

ముందు తేల్చాల్సింది: అడిగేది కంటి సంగతా, రూలు సంగతా? "బాల్ కంటే ముందు నా కాలే పడ్డది సార్" అంటే కంటి సంగతి. దాని మీద ప్రొటెస్ట్ (రాతపూర్వక అభ్యంతరం) ఉండదు. మాట కూడా పొడిగించొద్దు: "చూసిన అమ్మా. కాలికంటే ముందు బంతి గ్లవ్‌లో ఉంది. తర్వాతి బ్యాటర్‌ను పంపు." అంతే. చేతులు ఊపొద్దు, వేలు చూపొద్దు, మీది మీదికి పోవద్దు. ఆడినామె తానే వస్తే "మీ కెప్టెన్‌ను పంపు" అని పక్కకు తిరగండి.

"ఫోర్స్ పోయింది కద సార్, ట్యాగ్ చెయ్యలే" అంటే రూలు సంగతి. ఇది తోసిపుచ్చొద్దు. టైమ్ చెప్పి ఆపి, ఏ బేస్ మీద ఎవరున్నారు, ఎన్ని అవుట్లు, ఏ క్రమంలో జరిగింది అన్నది స్కోరర్‌తో సరిచూసి, రూలు ప్రకారం నిర్ణయించండి. ఒప్పుకోకపోతే తర్వాతి పిచ్‌కు ముందే ప్రొటెస్ట్ అని చెప్పాలి. అది ఇన్నింగ్స్, అవుట్లు, కౌంట్ (స్ట్రైకులు, బాల్స్ లెక్క), రన్నర్ల స్థానాలతో స్కోరు పుస్తకంలో రాయించి ఆట కొనసాగించాలి. రాయకుండా ఆడితే మ్యాచ్ అయ్యాక ఎవరికి గుర్తున్నది వాళ్లు చెబుతారు.

ఒక అంపైర్ తీర్పును ఇంకో అంపైర్ తనంతట తాను మార్చకూడదు. తీర్పు ఇచ్చినాయనే వచ్చి అడిగితే చెప్పొచ్చు. అడగాల్సిన సందర్భాలు ఉన్నాయి: బంతి జారి తన చూపుకు అవతలి వైపు పడితే, ఫీల్డర్ కాలు బేస్ మీద నుంచి లేచిందేమోనని అనుమానం ఉంటే. జట్టు అరిచినందుకు మాత్రం అడగొద్దు. ఇద్దరూ ఆటగాళ్లకు దూరంగా జరిగి మాట్లాడుకుని, ఒకే మాటతో వచ్చి, ముందు తీర్పు ఇచ్చిన అంపైరే చెప్పాలి. పొరపాటున ఇద్దరూ ఒకే ప్లే మీద ఒకరు అవుట్, ఒకరు సేఫ్ ఇచ్చినా ఇదే పద్ధతి. బాగా కోణం ఉన్నవాళ్ల మాట నిలవాలి.

తీర్పు మార్చితే రన్నర్లను ఎక్కడ పెట్టాలన్నది చివరి చిక్కు. అంపైర్ 'అవుట్' అన్నందుకు ఒక రన్నర్ ఆగిపోయిందనుకోండి, తర్వాత అది సేఫ్ అని తేలితే, ఆ తప్పుడు తీర్పు వల్ల ఏ జట్టూ నష్టపోకుండా రన్నర్లను పెట్టే అధికారం అంపైర్‌కు ఉంది. ఆగిన చోటు నుంచి మామూలుగా చేరే బేస్ ఇవ్వండి, ఊహించుకుని అదనంగా ఇవ్వొద్దు. పెట్టాక ఎందుకు పెట్టారో ఇద్దరు కెప్టెన్లకూ ఒకేసారి, ఒకే మాటల్లో చెప్పండి. ఒకరికి చెప్పి, అవతలి దిక్కు నడిచి ఇంకొకరికి వేరే మాటల్లో చెబితే, అప్పటికే చల్లారిన లొల్లి మళ్లీ రాజుకుంటుంది.